విజయవాడ నుంచి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? మీరే లెక్కేసుకునే పూర్తి పద్ధతి

విజయవాడ నుంచి హైదరాబాద్ ఎంత దూరం అని ఫోన్‌లో వెతికితే ఒక చోట 263 కిలోమీటర్లు అని, ఇంకో చోట 275 అని, మరో చోట 350 అని వస్తుంది. మూడూ నిజమే. మొదటిది గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఆకాశంలో గీత గీస్తే వచ్చేది, రెండోది 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు వెళ్ళేది, మూడోది కాజీపేట మీదుగా రైలు తిరిగి వెళ్ళేది. సమయం సంగతీ అంతే. టికెట్ మీద గంటా పది నిమిషాలు అని ఉన్న ప్రయాణం, గుంటూరు బ్రాడీపేటలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మాదాపూర్‌లో ఆఫీసు మెట్లెక్కే దాకా లెక్కేస్తే ఐదున్నర గంటల దగ్గర తేలుతుంది. అందుకే "ఫ్లైట్ ఎంతసేపు" అని మాత్రమే అడిగి టికెట్ కొనేయకండి. గడప నుంచి గడపకి ఎంతసేపు అన్నది తేలితేనే విమానమా, రైలా, కారా అన్న నిర్ణయం సరిగ్గా వస్తుంది. ఆ లెక్క ఎలా వేయాలో మన విజయవాడ, గుంటూరు ఉదాహరణలతోనే మొదటి నుంచీ చెబుతాను. పెద్ద గణితం ఏమీ లేదు, ఫోన్‌లో ఉండే క్యాలిక్యులేటర్ చాలు.

1. ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్టు పేరు రాసుకోండి

విమానం ఊరి నుంచి ఊరికి వెళ్ళదు, రన్‌వే నుంచి రన్‌వేకి వెళ్తుంది. చూడ్డానికి చిన్న విషయమే గానీ లెక్కంతా తప్పేది ఇక్కడే. మన ఎయిర్‌పోర్టు గన్నవరంలో ఉంది, విజయవాడ నడిబొడ్డు నుంచి ఇరవై కిలోమీటర్లు, గుంటూరు నుంచి అయితే దగ్గర దగ్గర అరవై. అవతలి వైపు కూడా అంతే. హైదరాబాద్ అంటే శంషాబాద్, బెంగళూరు అంటే దేవనహళ్ళి. ఈ రెండూ 2008లో ఊరికి దూరంగా కట్టిన ఎయిర్‌పోర్టులు, కాబట్టి దిగాక ఇంకో ప్రయాణం మిగిలే ఉంటుంది. చెన్నై మీనంబాక్కం మాత్రం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క.

ఢిల్లీ, ముంబయి వెళ్ళేవాళ్ళు టెర్మినల్ నంబరు కూడా రాసుకోవాలి. ముంబయిలో ఒకటో టెర్మినల్ శాంతాక్రూజ్ వైపు ఉంటుంది, విదేశీ విమానాలు ఎక్కే రెండో టెర్మినల్ వేరే చోట. ఒకదాన్నుంచి ఇంకోదానికి రోడ్డు మీద బస్సులోనో కారులోనో పోవాలి.

2. నేరు దూరం తేల్చుకోండి

సులువైన దారి గూగుల్ మ్యాప్స్. ఎయిర్‌పోర్టు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర గుర్తు పడుతుంది, కింది నుంచి వచ్చే పేజీని పైకి జరిపితే దూరం కొలిచే ఆప్షన్ కనిపిస్తుంది, అది నొక్కి రెండో ఎయిర్‌పోర్టు దాకా గీత లాగండి. వచ్చేది నేరు దూరం. చాలామందికి ఇది సరిపోతుంది.

ఇది చేత్తో కూడా వేసుకోవచ్చు. పిల్లల చేత ఒక్కసారి వేయిస్తే స్కూల్లో చదివిన అక్షాంశాలు, రేఖాంశాలు ఎందుకో వాళ్ళకి అర్థమవుతాయి, అందుకని కాస్త వివరంగా చెబుతున్నాను. ఉత్తర దక్షిణంగా ఒక డిగ్రీ అక్షాంశం అంటే ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరగా ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర ఒకే చోట కలిసిపోతాయి. 15 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 107 కిలోమీటర్లు, 20 దగ్గర 104, 25 దగ్గర 101, 30 దగ్గర 96.

ఇప్పుడు గన్నవరం నుంచి ఢిల్లీ చూద్దాం. గన్నవరం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 తూర్పు రేఖాంశం. ఢిల్లీ ఎయిర్‌పోర్టు 28.57, 77.10. అక్షాంశాల తేడా 12.04, దాన్ని 111తో గుణిస్తే 1,336 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 3.70. రెండు ఊళ్ళ మధ్య సగటు అక్షాంశం 22.5 కాబట్టి అక్కడ డిగ్రీకి 102.5 చొప్పున వేసుకుంటే 379 కిలోమీటర్లు. ఇక లంబకోణ త్రిభుజమే. రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తే 1,389 వస్తుంది. గన్నవరం నుంచి ఢిల్లీకి నేరు దూరం 1,390 కిలోమీటర్లు అనుకోవచ్చు. అదే రైల్లో అయితే 1,750 దాటుతుంది.

ఇదే పద్ధతిలో గన్నవరం నుంచి మిగతా ఊళ్ళు వేస్తే శంషాబాద్ 263, విశాఖపట్నం 290, తిరుపతి 350, చెన్నై 400, బెంగళూరు 500, ముంబయి 890, సింగపూర్ 3,050 కిలోమీటర్ల దగ్గర వస్తాయి. రోడ్డు దూరంతో పోల్చి చూడండి. విశాఖకి రోడ్డు 350, చెన్నైకి 450, బెంగళూరుకి 650 దాకా పోతుంది. హైదరాబాద్‌కి రోడ్డూ ఆకాశమూ దాదాపు ఒకటే కావడం గమనించారా? ఆ రహదారి అంత తిన్నగా ఉంది. విమానం అక్కడ పెద్దగా లాభించకపోవడానికి ఇదొక కారణం.

ఒక హెచ్చరిక. ఈ చేతి లెక్క భూమిని బల్లపరుపుగా అనుకుని వేసేది, మూడు వేల కిలోమీటర్ల దాకా బాగానే పనిచేస్తుంది, ఆ తర్వాత తప్పుతుంది. ఢిల్లీ నుంచి లండన్ ఇలా వేస్తే ఏడు వేల పైన వస్తుంది, అసలు దూరం 6,730 దగ్గర. అంత దూరాలకి మ్యాప్స్‌లో కొలవండి, లేదా ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పెట్టి చూడండి. బిగించిన దారం ఎటు పోతే అదే దగ్గర దారి. విజయవాడ నుంచి అమెరికాలో డల్లాస్‌కి అలా దారం పెడితే అది యూరప్ మీదుగా కూడా పోదు, సరాసరి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయి అవతలి వైపు దిగుతుంది. రెండు ఊళ్ళ రేఖాంశాల మధ్య తేడా 178 డిగ్రీలు, అంటే భూమికి మనం ఇటు వైపు, వాళ్ళు సరిగ్గా అటు వైపు. ఆ దారి పొడవు 14,500 కిలోమీటర్లు. మన పిల్లలు ఎంత దూరంలో ఉన్నారో దీన్ని మించి చెప్పే లెక్క నాకు కనపడలేదు.

3. దూరాన్ని సమయంగా మార్చండి

ఇక్కడ విమానం రకం తెలియాలి. టికెట్ బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ వివరాల్లో రాసి ఉంటుంది, చాలామంది అటు చూడరు. మన వైపు ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి ఏటీఆర్ 72, రెక్కల కింద రెండు ఫ్యాన్లు తిరుగుతూ కనిపిస్తాయి, డెబ్భై చిల్లర సీట్లు, గంటకి 500 కిలోమీటర్ల దగ్గర పోతుంది, 25 వేల అడుగులకి మించి ఎక్కదు. రెండోది ఎయిర్‌బస్ 320 లాంటి జెట్, గంటకి 830 దాకా పోతుంది, 35 వేల అడుగుల పైన ఎగురుతుంది.

అయితే దూరాన్ని ఈ వేగంతో భాగిస్తే సరిపోదు. టికెట్ మీద ఉండే సమయం విమానం గాల్లో ఉన్న సమయం కాదు. చక్రాల కింద అడ్డుకట్టలు తీసి విమానం కదిలిన నిమిషం నుంచి, అవతల ఆగి మళ్ళీ అడ్డుకట్టలు వేసే నిమిషం దాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా మెల్లగా పోవడం, అక్కడ వంతు కోసం ఆగడం, పైకెక్కేటప్పుడు దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండటం, అన్నీ ఇందులోనే. ఎగిరే దిక్కు కూడా కలుస్తుంది. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. గాలిని బట్టి తూర్పు వైపుకి లేచిన హైదరాబాద్ విమానం ముందు అటు పోయి, తర్వాత వెనక్కి తిరగాలి. వెయ్యి కిలోమీటర్ల ప్రయాణంలో ఆ నాలుగు నిమిషాలు లెక్కలోకి రావు, 263 కిలోమీటర్ల ప్రయాణంలో వస్తాయి.

అందుకని ఇలా వేయండి. జెట్ అయితే నేరు దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. ఏటీఆర్ అయితే 450తో భాగించి 25 నిమిషాలు కలపండి. ఢిల్లీకి 1,390ని 800తో భాగిస్తే గంటా 44 నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల పావు. షెడ్యూల్లో రెండు గంటల ఇరవై, రెండున్నర అలా ఉంటుంది. హైదరాబాద్‌కి ఏటీఆర్‌లో 35 నిమిషాలకి 25 కలిపితే గంట.

బెంగళూరు లెక్క చూడండి, విమానం రకం ఎంత తేడా తెస్తుందో తెలుస్తుంది. అదే 500 కిలోమీటర్లు జెట్‌లో గంటా ఏడెనిమిది నిమిషాలు, ఏటీఆర్‌లో గంటన్నర పైన. ఒకే ఊరికి, ఒకే రోజు, ఒకే కంపెనీ ఫ్లైట్లే రెండు వేర్వేరు సమయాలు చూపిస్తుంటే అనుమానపడకండి, విమానం వేరు, అంతే.

ఢిల్లీ, ముంబయికి మరో పది పదిహేను నిమిషాలు వేసుకోండి. ముంబయిలో రెండు రన్‌వేలున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, మామూలుగా ఒక సమయంలో ఒకటే వాడతారు, అందుకని దిగడానికి వంతు కోసం విమానాలు పైనే గిరికీలు కొడుతుంటాయి. కంపెనీలు కూడా ఇది తెలిసే షెడ్యూల్లో కొంచెం ఎక్కువ సమయం వేసుకుంటాయి. రాసిన టైము తర్వాత పావుగంట లోపు చేరితే ఆలస్యం కింద లెక్క రాదు కూడా. "మన ఫ్లైట్ ఇరవై నిమిషాలు ముందే దిగింది" అని అప్పుడప్పుడు వినేది ఆ ముందుచూపు వల్లే, పైలట్ తొందరపడి నడిపినందువల్ల కాదు.

4. గాలిని, గగనతలాన్ని లెక్కలో కలపండి

దేశంలో ఉత్తర దక్షిణంగా తిరిగేవాళ్ళు ఈ భాగం పైపైన చదివినా చాలు. పడమటికో తూర్పుకో దూరం వెళ్ళేవాళ్ళు మాత్రం జాగ్రత్తగా చూడండి.

చలికాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి ఒక బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. దానికి ఎదురెళ్ళే విమానం నెమ్మదిస్తుంది, దానితోపాటు వెళ్ళే విమానం త్వరగా చేరుతుంది. వానాకాలంలో మన దక్షిణాది మీద, ఇంకా ఎత్తులో, తూర్పు నుంచి పడమరకి ఇంకో ప్రవాహం వస్తుంది, అయితే దాని బలమంతా మామూలు విమానాలు ఎగిరే ఎత్తుకి పైనే ఎక్కువ.

హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు. విమానం వేగం 850, గంటకి వంద కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకోండి, నేల మీద పోయేది 750 మాత్రమే, గాల్లో 3 గంటల 24 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 950, అంటే 2 గంటల 41 నిమిషాలు. ఒకే దారి, ముప్పావుగంట తేడా. దుబాయ్ వెళ్ళేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర అని టికెట్ మీద ఉండేది అందుకే.

గాలి గురించి ఒక అసలైన ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ముందు అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్ల దారిలో వెళ్ళేది. 2016 అక్టోబరులో తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపితే దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. దూరం పెరిగి సమయం తగ్గింది! వెనక గాలి అంత పని చేసింది. అందుకే కిలోమీటర్లు చూసి సమయం ఊహించకూడదని పదేపదే చెప్పేది.

రెండోది గగనతలం. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశంలోకి మన విమానాల్ని రానివ్వడం ఆపేసింది. అప్పుడు ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వైపు వెళ్ళే మన కంపెనీల విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. 2019లో బాలాకోట్ దాడి తర్వాత కూడా నెలల తరబడి ఇదే జరిగింది. మ్యాప్‌లో దూరం మారదు, ప్రయాణం పెరుగుతుంది. ఢిల్లీ మీదుగా వెళ్ళే టికెట్, గల్ఫ్ మీదుగా వెళ్ళే టికెట్ పోల్చేటప్పుడు పాత అనుభవాల మీద ఆధారపడకుండా ఆ నెల షెడ్యూలే చూడండి.

5. టికెట్ మీద గడియారం సరిగ్గా చదవండి

టికెట్ మీద బయల్దేరే టైము ఇక్కడి గడియారం, దిగే టైము అక్కడి గడియారం. మన దేశంలో ఎక్కడికెళ్ళినా ఒకటే టైము (ఆ టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకి దగ్గర్లోనే పోతుంది), కాబట్టి తీసివేత చాలు. బయటి దేశమైతే తేడా సరిచేయాలి.

శంషాబాద్‌లో తెల్లవారుజాము 4:20కి ఎక్కి దుబాయ్‌లో 6:50కి దిగుతారు అని ఉందనుకోండి. రెండున్నర గంటలే అనిపిస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, వాళ్ళ 6:50 మనకి 8:20. ప్రయాణం నాలుగు గంటలు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి అక్కడ తిరగబడుతుంది, టికెట్ మీద దాదాపు ఏడు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది, నిజానికి నాలుగూ చిల్లర.

డల్లాస్ అయితే చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఈ తేదీల దగ్గర్లో టికెట్ ఉంటే అబ్బాయో అమ్మాయో ఎయిర్‌పోర్టుకి రావాల్సిన టైము ఒక గంట తేడా రాకుండా మరోసారి సరిచూసుకోమనండి. దిగే టైము పక్కన ప్లస్ ఒకటి అని చిన్నగా ఉంటే మర్నాడు అని అర్థం, ఇది చూడకుండా హోటల్ ముందురోజుకి బుక్ చేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

6. గడప నుంచి గడపకి కూడండి

అసలు లెక్క ఇదే, దీనికి పావుగంట కేటాయించండి. కాగితం మీద ఐదు అంకెలు రాయండి: ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి, ఎయిర్‌పోర్టులో ముందుగా ఉండాల్సినది, బ్లాక్ టైమ్, దిగాక సామాన్లు తీసుకుని బయటపడటానికి, అక్కడి నుంచి చేరాల్సిన ఇంటికి.

గుంటూరు నుంచి మాదాపూర్: గన్నవరానికి గంటన్నర, ముందుగా గంటన్నర, ఫ్లైట్ గంటా పది, బయటపడటానికి అరగంట, శంషాబాద్ నుంచి మాదాపూర్‌కి ఔటర్ రింగు రోడ్డు మీదుగా యాభై నిమిషాలు. మొత్తం ఐదున్నర గంటలు. పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా కారులో బయల్దేరితే కూడా ఇంచుమించు అంతే. పైగా కారు మీ గుమ్మం ముందు ఎక్కించుకుని వాళ్ళ గుమ్మం ముందు దింపుతుంది. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి విమానం దండగ అని నా అభిప్రాయం, శంషాబాద్‌లో ఇంకో ఫ్లైట్ అందుకోవాలంటే తప్ప. విజయవాడ ఎనికేపాడులోనో నిడమానూరులోనో ఉండేవాళ్ళకి మాత్రం గన్నవరం పక్కనే కాబట్టి గంట కలిసొస్తుంది, వాళ్ళ లెక్క వేరు.

విశాఖకైతే రైలే. వందే భారత్‌లో విజయవాడ స్టేషన్ నుంచి నాలుగు గంటల పైచిలుకులో విశాఖ స్టేషన్‌లో దిగుతారు, రెండు స్టేషన్లూ ఊరి మధ్యలోనే. చెన్నైకి 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ తెనాలి, ఒంగోలు, నెల్లూరు తర్వాత రేణిగుంట మీదుగా తిరిగి పోతుంది కాబట్టి ఆరున్నర గంటలు దాటుతుంది. ఇక్కడ విమానం ఒక గంటో రెండు గంటలో ముందుంటుంది, ఛార్జీ చూసుకుని నిర్ణయించుకోవచ్చు.

తేల్చుకోవడం కష్టమయ్యేది బెంగళూరు. అన్నీ కలిపితే విమానంలో ఆరు గంటల దాకా అవుతుంది, అందులో దేవనహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పోవడానికే ట్రాఫిక్ ఉంటే రెండు గంటలు పోతాయి. రాత్రి బస్సు పదకొండు పన్నెండు గంటలు, కానీ ఆ గంటలు నిద్రలో పోతాయి. పొద్దున ఇంటర్వ్యూ ఉంటే విమానం, పండగకి వచ్చి వెళ్ళేవాళ్ళకి బస్సో రైలో, అన్నది నా లెక్క. పెద్దవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి డబ్బు చూడకుండా విమానమే తీయండి. ఢిల్లీ, ముంబయి విషయంలో ఆలోచించడానికేమీ లేదు.

ఇక గుంటూరు నుంచి డల్లాస్. శంషాబాద్ దాకా కారులో ఐదు గంటలు, మూడు గంటలు ముందుగా, దుబాయ్‌కి నాలుగు, అక్కడ మూడున్నర ఆగడం, దుబాయ్ నుంచి డల్లాస్‌కి దాదాపు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు, దిగాక ఇమిగ్రేషన్, సామాన్లకి రెండు. మొత్తం ముప్పై మూడున్నర గంటలు. ఇందులో గాల్లో ఉండేది ఇరవై మాత్రమే. అమ్మానాన్నల్ని మొదటిసారి పంపుతుంటే ఈ మొత్తం అంకె వాళ్ళకి ముందే చెప్పండి. మందులు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళ భోజనం టైములు, ఇన్సులిన్, అన్నీ ఇరవై గంటలకి కాదు, ముప్పై మూడున్నర గంటలకి సర్దుకోవాలి. గడియారం మారినప్పుడు మందు ఏ టైముకి వేసుకోవాలో డాక్టరుని అడిగి కాగితం మీద రాయించి పర్సులో పెట్టండి.

7. ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలో వెనక నుంచి లెక్కించండి

దేశీయ విమానాలకి చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందు మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. సాయంత్రం 6 గంటల ఫ్లైట్ అనుకుంటే కౌంటర్ 5కి, గేటు 5:35కి. మీరు 4:15కల్లా గన్నవరంలో ఉంటే టెన్షన్ లేదు. గుంటూరు వాళ్ళు అయితే 2:15కి బయల్దేరాలి. ఎందుకింత ముందుగా అంటే దారిలో కాజ టోల్‌గేట్, మంగళగిరి, వారధి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగు, ఇన్ని చోట్ల ఎక్కడైనా ఆగిపోవచ్చు. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దగ్గర కలిసే పడమటి బైపాస్ గుంటూరు వాళ్ళకి ఊరు తప్పించి పోవడానికి వేసినదే, బయల్దేరే ముందు మ్యాప్‌లో ఆ దారి చూపిస్తుందేమో చూసుకోండి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి రద్దీకి వాహనాలు మళ్ళిస్తారు, అప్పుడు ఇంకో అరగంట కలపండి.

చేతి సంచి మాత్రమే ఉండి, వెబ్ చెక్-ఇన్ అయిపోయి ఉంటే కొంచెం తగ్గించుకోవచ్చు. ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజీయాత్ర గన్నవరంలో 2023 నుంచి ఉంది, దానితో లోపలికి పోయే వరుస తొందరగా కదులుతుంది.

హైదరాబాద్ నుంచి ఫ్లైట్ ఉండి కారులో వెళ్ళేవాళ్ళు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగు రోడ్డు ఎక్కేయండి. ఎల్బీనగర్ దాకా పోయి ఊళ్ళో ఇరుక్కోవద్దు.

8. కనెక్టింగ్ ఫ్లైట్ మధ్య ఎంత ఖాళీ ఉండాలి

ముందు ఒకటి తేల్చుకోండి: రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయా, వేర్వేరు టికెట్లా? ఒకే పీఎన్‌ఆర్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. వేర్వేరుగా కొంటే రెండో టికెట్ డబ్బు మీ చేతిలోంచి పోయినట్టే. నాలుగు వేలు తగ్గుతుందని విడివిడిగా కొనేవాళ్ళు ఇది తెలిసే కొనాలి.

విడివిడిగా కొంటే గన్నవరం నుంచి శంషాబాద్ చేరి అంతర్జాతీయ విమానం ఎక్కడానికి నేనైతే ఐదారు గంటలు ఉంచుకోమంటాను. ఢిల్లీలో ఒకటో టెర్మినల్‌లో దిగి మూడో టెర్మినల్‌కి మారాల్సి ఉంటే ఇంకా ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేసి గన్నవరం ఫ్లైట్‌కి మళ్ళీ సెక్యూరిటీ దాటాలి, మూడు గంటలకి తక్కువ పెట్టుకోవద్దు.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున గన్నవరం మీద పొగమంచు దిగుతుంది. పొద్దుటి ఫ్లైట్లు గాల్లో చక్కర్లు కొట్టడం, హైదరాబాద్‌కి మళ్ళడం ఆ రోజుల్లో మామూలే. ఢిల్లీలో మంచు ఇంకా దట్టం. ఆ రెండు నెలల్లో అమెరికా ప్రయాణానికి పొద్దుటి కనెక్షన్ మీద ఆధారపడకండి, ముందురోజు సాయంత్రమే హైదరాబాద్ చేరి పడుకోండి.

ఆలస్యమైతే మీకు రావాల్సినవి కూడా తెలుసుకోండి. డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధనల్లో ఇది బ్లాక్ టైమ్‌ని బట్టే ఉంటుంది. రెండున్నర గంటల లోపు ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే, రెండున్నర నుంచి ఐదు గంటల ఫ్లైట్ మూడు గంటలు ఆలస్యమైతే, టైముకి కౌంటర్ దగ్గరికి వచ్చిన వాళ్ళకి తినడానికి తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటి ఆలస్యమైతే వేరే ఫ్లైట్ అడగొచ్చు, లేదా డబ్బు పూర్తిగా వెనక్కి అడగొచ్చు. గన్నవరం నుంచి మనం ఎక్కే దేశీయ ఫ్లైట్లు చాలావరకు మొదటి రకంలోకే వస్తాయి, కాబట్టి రెండు గంటలు దాటగానే కౌంటర్ దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడగండి.

9. ముందురోజు అసలు సమయంతో సరిచూసుకోండి

మీ లెక్కా టికెట్ లెక్కా రెండూ కాగితం మీదవే. ఆ ఫ్లైట్ ఈ వారం నిజంగా ఎలా నడిచిందో చూడాలంటే ఫ్లైట్‌రాడార్24 తెరిచి ఫ్లైట్ నంబరు కొట్టండి. డబ్బు కట్టకుండానే గత వారం రోజుల చరిత్ర కనిపిస్తుంది: ఏ టైముకి లేచింది, ఏ టైముకి దిగింది, గాల్లో ఎంతసేపు ఉంది, ఏ విమానం వచ్చింది. రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా లేస్తున్న ఫ్లైట్ మీరు ఎక్కే రోజున మాత్రం టైముకి లేస్తుందని అనుకోవడానికి కారణం ఉండదు, కనెక్షన్ ఉంటే ఆ నలభై నిమిషాలు మీ ఖాళీలోంచి తీసేసి చూడండి.

బయల్దేరే రోజు ఇంకొకటి కూడా చూడొచ్చు. మీరు ఎక్కబోయే విమానం గన్నవరానికి ఇంకో ఊరి నుంచి రావాల్సిందే, దిగాక అరగంటలో మళ్ళీ లేస్తుంది. ఆ విమానం ఇంకా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నేల మీదే ఉందని కనిపిస్తే, యాప్‌లో మీ ఫ్లైట్ టైముకే అని చూపిస్తున్నా, ఆలస్యం ఖాయం. అలాగని ఇంట్లో కూర్చోవద్దు. విమానం ఆలస్యంగా వస్తున్నా చెక్-ఇన్ కౌంటర్ పాత టైముకే మూసేయవచ్చు, కంపెనీ నుంచి కొత్త టైము మెసేజ్ వచ్చి అందులో రిపోర్టింగ్ టైము కూడా మారితే తప్ప ముందు అనుకున్న టైముకే గుంటూరులో కారు ఎక్కండి.